ఒక పొయ్యి మీద తినేవాళ్లు

జూలై 2, బుధవారం

ఈ లంగరు పుస్తకంలో రోజూ రాయాల్సినవి మూడు: గాలి ఎటు, ఏ తాడు మార్చాం, ఏ యంత్రం ఆగింది. ఈరోజు గాలి నైరుతి. తాళ్లన్నీ బాగున్నాయి. యంత్రాలు ఇంకా ఆగలేదు. ఆగుతాయని తాఖీదు వచ్చింది.

పంపింది చిరునామాల మండలి. నలభై ఒక్క తెప్పలు కలిపి కట్టిన మా బేతనియ లంగరుకి, యంత్రానికొకటి చొప్పున ఇచ్చిన రెండు వందల యాభై ఆరు చిరునామాలూ వెనక్కి తీసుకుంటారట. కారణం ఒక్క ముక్కలో తేల్చారు: సొంత వాడకానికి అప్పగించిన వాటిని బయటివారికి పంచినందున. పది రోజుల్లో ఆసుపత్రి, బడి, వాతావరణ కేంద్రం మా చిరునామాలకు జవాబివ్వడం మానేస్తాయి. ముప్పై రోజుల్లో ఉప్పు తీసే యంత్రాలతో సహా అన్నీ ఆగుతాయి. చిరునామా మండలి పుస్తకంలో బతికి ఉంటేనే యంత్రం తిరుగుతుంది. లేకపోతే అది ఇనుప ముద్ద.

తాఖీదును మూడుసార్లు చదివాను. తప్పు నాదేనని మూడోసారికి అర్థమైంది.

నేను పేర్ల జెకర్యాని, వలలు బాగుచేసేవాణ్ణి. నా తల మీద చేతులుంచి నన్నెవరూ పాస్టరుగా నియమించలేదు. నాలుగో తరగతిలో బడి మునిగిపోతే, మా అమ్మ గ్రంథంలోని అక్షరాలు పట్టుకుని నాకు నేనే చదువుకున్నాను. ఆదివారం నేను చెప్పే వాక్యాన్ని మా తెప్పలే కాదు, చుట్టుపక్కల పదకొండు లంగర్లు గాలిలో వింటాయి. అందుకని అయ్యగారంటారు. చదవడం వచ్చు కదా అని చిరునామాల పుస్తకం కూడా నా చేతికే ఇచ్చారు.

బయటివారంటే ఏప్రిల్ తుఫానులో కొట్టుకొచ్చిన తొమ్మిది తెప్పలవాళ్లు. వాళ్లు మా విశ్వాసం కాదు. ప్రతి తెప్పకీ మొనలో నూకాలమ్మ బొమ్మ ఉంది. వాళ్లలో ఉమ్మిడి ధనరాజు అనే పడవల వడ్రంగి ఉన్నాడు. మూత్రపిండాలు రెండూ పోయాయి. మూడు రోజులకోసారి అతని రక్తాన్ని యంత్రం కడగాలి. ఆ యంత్రం ప్రతిసారీ ఒడ్డున ఉన్న ఆసుపత్రిని పిలిచి, ఇతను ఫలానా, కడగమంటారా అని అడుగుతుంది. ఆసుపత్రి కడుగు అంటేనే కదులుతుంది.

ఆ యంత్రానికి చిరునామా ఇచ్చింది నేను.

జూలై 4, శుక్రవారం

గాలి నైరుతి, జోరుగా ఉంది. ఏడో తెప్ప పడమటి తాడు మార్చాం.

తీతు తగువు పెట్టుకోవడానికే వచ్చాడు. గంటా తీతు మా సంఘపెద్ద, నాకన్నా పదేళ్లు చిన్నవాడు, నా మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పేవాడు. మండలికి పంపిన ఫారంలో నిజం ఎందుకు రాశారని అడిగాడు. అన్ని లంగర్లూ కొత్తవాళ్లకు ఇస్తూనే ఉన్నాయి, ఎవరికిచ్చారన్న గడిని ఖాళీగా వదిలేస్తారు, మండలి కూడా అడగదు, అది లోకరీతి అన్నాడు.

నేనేం చేశానో ఇక్కడ దాపరికం లేకుండా రాస్తాను. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. అది లేనివాళ్లకి. ఆదివారం ఆరాధనలో ఏ ఇల్లు ఇచ్చింది, ఏ ఇల్లు తీసుకుంది అని అందరి ముందూ పేర్లు చదువుతాం. ఇచ్చినవాడికి గర్వం, తీసుకున్నవాడికి సిగ్గు రాకుండా ఇద్దరి పేర్లూ ఒకే గొంతుతో చదవాలి. తొమ్మిది తెప్పలు వచ్చినప్పుడు ప్రతి ఇల్లూ తన వాటా చిరునామాల్లోంచి ఒక్కోటి పిడికెడులా పక్కన పెట్టింది. మూడు నెలలకోసారి మండలికి పంపే ఫారం నింపే రోజున నేను ఆ అలవాటు కొద్దీ అంతా రాసేశాను. ఫలానా ఇల్లు ఇచ్చింది, ఫలానా ఇల్లు తీసుకుంది. కింద సంతకం పెట్టి దేవునికి స్తోత్రం అని కూడా రాశాను.

మండలి దృష్టిలో అది నేరాంగీకారం.

మండలి విధానాల పుస్తకాన్ని నిన్నటి నుంచి చదువుతున్నాను. అరవై రెండు పేజీలు. చిరునామాలు ఇచ్చే దారులు రెండట. ఒకటి పంపకం: నలుగురికీ పంచిపెట్టమని పెద్ద సంస్థలకి ఇచ్చేది. రెండోది అప్పగింత: మీరే వాడుకోండి, ఇంకొకరికి ఇవ్వకండి అని మాలాంటి వాళ్లకిచ్చేది. అంతవరకు తేటగానే ఉంది. కానీ మీరే అంటే ఎవరు? మా ఇంట్లో పడుకున్న అతిథి నేనేనా, వేరేవాడా? సొంత వాడకం అన్న మాట ఆ పుస్తకంలో నలభై చోట్ల ఉంది. దాని అర్థం ఒక్కచోట కూడా లేదు. అర్థం రాయని చట్టం ఒర లేని కత్తి. ఎవడి చేతిలో ఉంటే వాడి బలం.

ఆఖరి పేజీలో ఒక ముక్క నా కంట పడింది. ఏ మాటకైనా అర్థం తేల్చమని ఎవరైనా ప్రతిపాదన పెట్టవచ్చు. ఓట్లు ఉండవు. చర్చా వేదిక మీద గట్టి అభ్యంతరం ఏదీ మిగలకపోతే అదే విధానం అవుతుంది.

గ్రంథంలో ఐదుగురు అక్కచెల్లెళ్ల సంగతి ఉంది. తండ్రికి కొడుకుల్లేరు కనుక నేల పంచేటప్పుడు వాళ్లకి భాగం లేదన్నారు. వాళ్లు ఇంట్లో కూర్చుని ఏడవలేదు. గుడారపు వాకిట్లో పెద్దలందరి ముందూ నిలబడి అడిగారు. దేవుడు వాళ్లే సరిగ్గా మాట్లాడుతున్నారన్నాడు, చట్టం మారింది. ఆ పేజీ తీసి తీతుకి చూపించాను. ఆ చట్టం దేవుడి చేతిలో ఉంది కాబట్టి మారింది, ఇది కమిటీ చేతిలో ఉందన్నాడు.

జూలై 9, బుధవారం

గాలి రాయలేదు. ఎటు వీస్తే నాకేం.

ప్రతిపాదన శనివారమే పెట్టాను. సొంత వాడకం అంటే చిరునామాలు తీసుకున్నవారూ, వారి అతిథులూ వాడుకోవడం. ఇంతే. చాలామంది బాగుందన్నారు. ఉత్తరాన పశువుల పెంపకందారులు, కొండల మీద బడులవాళ్లు, ఎవరెవరో. నిన్న సాయంత్రం ఒక్క అభ్యంతరం వచ్చింది. ఒక్కటి చాలు.

పెట్టింది గిలియాదు లంగరు పెద్ద, సౌభాగ్యమ్మ. మాకు దక్షిణాన పద్నాలుగు మైళ్లలో ఉంటారు. మాలాంటి తెప్పలవాళ్లే, మా వాక్యం వినేవాళ్లే. ఆమె తరఫున ఎవరో రాశారు: అతిథి అన్న మాటను మేం ఒప్పుకోం. కారణం రాయలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. వేదిక మీద రెండు పేజీలు రాశాను. పేదవాడి ద్రాక్షతోటను లాక్కోవడానికి దొంగ సాక్షుల్ని నిలబెట్టిన రాణితో ఆమెను పోల్చాను. ఆ రాణికి పట్టిన గతి, కుక్కలు పీక్కుతినడంతో సహా, విడమరిచి రాశాను. నూకరత్నాన్ని, అంటే ధనరాజు భార్యని, పిలిచి చదివి వినిపించాను.

ఆమె చేపలు తోముతూ చివరిదాకా విన్నది. "మంచిగా రాసేరు. ఇది చదివినాక ఆవిడ ఒప్పుకుంటాదంటారా?" అంది.

సత్యం చెప్పడం మన పని, ఒప్పించడం దేవుడి పని అన్నాను.

"దేవుడికి చానా పనులు పెట్టేత్తన్నారండి మీరు," అని నీళ్లు పారబోసింది.

ఈ ఉదయానికి గిలియాదు నుంచి ఇంకో మూడు అభ్యంతరాలు వచ్చాయి.

జూలై 12, శనివారం

గాలి పడమర. సముద్రం మీద తుఫాను జెండా ఎత్తారు, చిన్న పడవలు కదలకూడదు.

పదో రోజు. పొద్దున ఆరింటికి వాతావరణ పెట్టె మూగబోయింది. ఏడింటికి బడి పలకలు నల్లబడ్డాయి. ధనరాజు రక్తం నిన్ననే కడిగాం, ఇంక సోమవారం కడగాలి. అయినా ఆగలేక యంత్రాన్ని ఉత్తినే మీటి చూశాను. ఆసుపత్రిని పిలిచింది. అవతలివైపు ఎవరూ ఎత్తలేదు. మళ్లీ పిలిచింది. పదకొండుసార్లు పిలిచి ఆగిపోయింది.

నా సొంత తెప్ప చిరునామా తీసి దానికి పెట్టాను. తీతుది పెట్టాను. తాఖీదు పడ్డ లంగరు చిరునామా ఏదైనా ఒకటేనట.

ఒడ్డుకు తీసుకుపోదామంటే రెండు రోజుల ప్రయాణం, జెండా ఎత్తి ఉంది. జెండా లేకపోయినా ఆ ఆసుపత్రి మంచాలు ఒడ్డు చిరునామా ఉన్నవాళ్లకే.

ధనరాజు తెప్ప మొనలో కూర్చుని తెడ్డు చెక్కుతున్నాడు. ఎన్ని రోజులు ఆగగలవని అడిగాను. పోయినసారి ఆరు రోజులు ఆగాడట, ఆరో రోజున ఊపిరి అందలేదట. వారం దాటినవాణ్ణి మాత్రం తను చూడలేదన్నాడు. నీళ్లు తక్కువ తాగుతాను, అరటిపండు ముట్టను అని, అదేదో నాకు ఉపకారం చేస్తున్నట్టు చెప్పాడు.

జూలై 14, సోమవారం

ఈరోజు కడగలేదు. కాళ్లు వాచాయి.

మధ్యాహ్నం మాటపెట్టెలో గిలియాదు నుంచి పిలుపు వచ్చింది. లంగర్ల మధ్య ఒకసారికి ఒక్కరితోనే మాట్లాడనిచ్చే పాత రేడియో ఇది, దీనికి చిరునామా అక్కర్లేదు. ముసలి గొంతు.

"జెకర్యా గారేనాండీ? నేను సౌభాగ్యమ్మని. నన్ను తోట లాక్కున్న రాణీ అన్నారంట. నాకు చదువు రాదు లెండి, మావోళ్లు చదివి వినిపించేరు. ఓపాలి మా తెప్ప మీదకొచ్చి చూడండి, తోట ఏపాటిదో."

ఆమే చెప్పింది.

"నాలుగేళ్ల కిందట ఒక నీళ్ల కంపెనీవోడు మా పక్కన నలభై తెప్పలు కట్టేడు. కూలికి మనుషుల్ని తెచ్చి కూకోబెట్టేడు. ఈళ్లంతా నా అతిథులేనన్నాడు. నాలుగు వేల చిరునామాలు ఎత్తుకుపోయేడు. మేం చిరునామాల కోసం వరసలో రెండేళ్లు కూకున్నాం. నా మనవరాలు ఆ రెండేళ్లలోనే పోయింది, ఉప్పు నీళ్లు తాగి. ఇప్పుడు మీరూ అతిథులంటన్నారు. మీరు మంచోరే. మీరు దూరే తలుపులోంచి ఆడూ దూరతాడు."

పొరుగువాణ్ణి ప్రేమించమని ఇరవై ఏళ్లుగా గాలిలో అరుస్తున్నాను. ఈ పొరుగావిడ ఎందుకు కాదంటుందో ఒక్కసారి పిలిచి అడగాలని తోచలేదు. క్షమించమన్నాను. అది తర్వాత, ఆ మనిషికి ఇంకెన్ని రోజులున్నాయని అడిగింది. నాలుగో, ఐదో అన్నాను.

తర్వాత ఆమె నెమ్మదిగా చెప్పింది. కంపెనీవాడు కూలి మనుషులకి రోజూ పొట్లాలు పంచేవాడట. ఏ ఒక్కరోజూ వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల కుండలోది తినలేదట.

"అది రాయండి. ఎవుడు ఎవుడితో కలిసి ఒక పొయ్యి మీద తింటాడో ఆడే ఇంటోడు. తిండి కాడ నటించడం శానా కష్టమండి. అలాగైతే మా అభ్యంతరం తీసేత్తాం."

జూలై 16, బుధవారం

గాలి నైరుతి. రెండు తాళ్లు మార్చాం.

ప్రతిపాదన తిరగరాశాను. సొంత వాడకం అంటే చిరునామాలు తీసుకున్నవారూ, వారితో ఒకే పొయ్యి మీద తినేవారూ వాడుకోవడం; అట్టివారికి ఇచ్చుట ఇతరులకు పంచుట కాదు. గిలియాదు అభ్యంతరాలు నాలుగూ పోయాయి. ఈరోజు పదకొండింటికి మండలి ఒప్పుకుంది. అత్యవసరం కనుక మాకు వెంటనే వర్తింపజేస్తారట, తనిఖీ అయిన తర్వాత. తనిఖీ వారం లోపల ఏ రోజైనా కావచ్చు. ముందుగా చెప్పరు. చెబితే అందరూ ఆ ఒక్కరోజు కలిసి తింటారని వాళ్ల భయం.

ఇంకో మెలిక ఉంది. ఒకే పొయ్యి అంటే ఒకే ఇల్లు. ఒక ఇంటికి అరవై నాలుగు చిరునామాలే. మా నలభై ఒక్క తెప్పలూ, వాళ్ల తొమ్మిదీ కలిపి యాభై ఉప్పు యంత్రాలు, ధనరాజు యంత్రం ఒకటి, వాతావరణ పెట్టెలు, బడికి నాలుగు పలకలు. అక్కడికే సరిపోయింది. మిగతా నూట తొంభై రెండూ వదులుకోవాలి. పాటల పెట్టెలు, చేపల రేట్లు చూసే పలకలు, పదకొండు లంగర్లకు వినిపించే మా ఆరాధన. చేతులెత్తమన్నాను. తీతు చెయ్యే ముందు లేచింది. నా మొహంలో ఆశ్చర్యం కనిపించిందేమో, "మీ ఆరాధన పోతుందని ఎత్తేనండి," అని నవ్వాడు. ఆ నవ్వుకి నాకూ నవ్వొచ్చింది, చాలా రోజులకి.

సాయంత్రం యాభై తెప్పల మీదా పొయ్యిలు ఆర్పించాను. నడి తెప్ప మీద ఇనుప పీపాను కోసి ఒక పెద్ద పొయ్యి కట్టాం. నూట తొంభై నాలుగు మందికి ఒకే గంగాళంలో అన్నం. మా ఆడవాళ్లు మొదట వాళ్లతో కలిసి కూర్చోలేదు. నూకరత్నం ఎండు నెత్తళ్ల పులుసు పెట్టింది. పులుసు అయిపోయేసరికి కూర్చున్నారు.

ధనరాజు రెండు ముద్దలు తిన్నాడు. ఐదో రోజు.

జూలై 17, గురువారం

ఎదురు చూడడం నా వల్ల కాలేదు. ఈ పొద్దున ధనరాజు పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉన్నాడు. తనిఖీ ఎప్పుడో తెలీదు. గ్రంథం తెరిచాను. ఒక జాతి మొత్తాన్ని చంపమని తాఖీదు వస్తే, ఆ జాతిలోనే పుట్టిన రాణి ఒకామె మూడు రోజులు అన్నపానాలు మానమని తన ప్రజలందరికీ చెప్పిన చోట తెరుచుకుంది. నాకు అంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పాలి?

పెద్ద పొయ్యి దగ్గర నిలబడి మూడు రోజుల ఉపవాసం ప్రకటించాను. పసిపిల్లలు, రోగులు తప్ప ఎవరూ తినకూడదు. పొయ్యి రాజేయకూడదు. నిప్పు ముట్టించినవాడు ధనరాజు గుండె మీద రాయి పెట్టినవాడేనని, శాపం వాడి తెప్ప మీదికే వస్తుందని చెప్పాను. గొంతు బాగా లేచింది. ఆడవాళ్లు ఏడ్చారు. నేను దేవుడి ఎదుట ఒట్టు పెట్టుకుని, అందరి చేతా పెట్టించాను: మూడు రోజులు నిండేదాకా నోట మెతుకు పెట్టం.

తీతు తర్వాత పక్కకి పిలిచాడు. తనిఖీకి ఎప్పుడొస్తారో తెలీదు కదా, ఈ మూడు రోజుల్లోనే వస్తే ఏం చూపిస్తామన్నాడు. దేవుడికి తెలుసన్నాను. నువ్వు సంఘపెద్దవి, నీకు విశ్వాసం లేకపోతే వీళ్లకెలా ఉంటుందని గద్దించాను. తల వంచుకుని వెళ్లిపోయాడు.

అతను అడిగింది విశ్వాసం గురించి కాదు. వంట గురించి. అది నాకు ఒక రోజు ఆలస్యంగా అర్థమైంది; ఈ ముక్క మర్నాడు ఇక్కడ చేర్చాను.

జూలై 18, శుక్రవారం

కాలిన చేత్తోనే జరిగింది జరిగినట్టు రాస్తాను.

పన్నెండింటికి మండలి పడవ వచ్చింది. తుఫాను జెండాలోనూ కదలగల పెద్ద పడవ. తనిఖీ అధికారి పేరు నళిని, ముప్పై ఏళ్లుంటాయి, దారంతా కక్కుకున్న మొహం. మర్యాదగా నమస్కారం పెట్టి, ఏం చెప్పొద్దు, నన్నే చూడనివ్వండి అంది. యాభై తెప్పలూ తిరిగింది. గంటన్నర పట్టింది. పెద్ద పొయ్యి దగ్గరికి వచ్చి బూడిదలో వేలు పెట్టి చూసింది.

"అయ్యగారూ, ఈ పొయ్యి నిన్న కూడా వెలగలేదు. లంగరు మొత్తంలో వెలుగుతున్న పొయ్యి ఒక్కటే చూశాను. అది కొత్తవాళ్ల తెప్ప మీద ఉంది. వాళ్లు వేరుగా వండుకుంటున్నారు."

నూకరత్నం పొయ్యి అది. మొగుడికి గంజి కాస్తోంది. రోగులకి మినహాయింపు ఇచ్చింది నేను, పెద్ద పొయ్యి ఆర్పించింది నేను. మరి గంజి ఎక్కడ కాయాలి? నా నోటితోనే ఆ తొమ్మిది తెప్పల్ని బయటివాళ్లని చేశాను. ధనరాజు గుండె మీద రాయి పెట్టినవాడెవడో అప్పుడు తెలిసింది.

ఉపవాసమని చెప్పాను. ఆమె నమ్మింది. నమ్మినట్టు మొహంలోనే కనిపించింది. అయినా చూసింది రాయాలి, విన్నది కాదంది. మూడింటికి ఆటు తిరిగేలోగా పడవ కదలాలి, మళ్లీ తనిఖీ అంటే ఇంకో నెల అంది.

"మూడింటిలోగా చూసింది కూడా రాస్తారా అమ్మా?"

చేతి గడియారం చూసుకుంది. "పన్నెండింటికి చూసింది రాసేశాను. కొట్టెయ్యను. రెండింటికి చూస్తే అదీ రాస్తాను."

నూకరత్నం తెప్ప మీదికి పరిగెత్తాను. గంజి గిన్నె దింపి, పొయ్యిలో నిప్పులు చాటలోకి తోడమన్నాను. కారణం అడగకుండా తోడింది. ఆ నిప్పులు మోసుకుంటూ ఎనిమిది తెప్పలు దాటి పెద్ద పొయ్యిలో పోశాను. చెయ్యి కాలింది. తీతు కట్టెలు తెచ్చాడు. అన్నానికి వ్యవధి లేదు. గంగాళంలో నూకలు పోసి జావ కాచాం. రెండుంబావుకి ఉడికింది. జనమంతా చుట్టూ చేరారు.

ఎవరూ ముట్టలేదు.

తినండి అన్నాను. పసివాళ్లు కూడా తల్లుల మొహం చూశారు. నిన్న ఇదే చోట నిలబడి ఏ శాపం పలికానో అందరి చెవుల్లోనూ ఉంది. ఇరవై ఏళ్లుగా నా మాటే వాక్యమని నమ్మించాను. వాళ్లు నమ్మారు. అదే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. తీతు తల్లి, ఎనభై ఏళ్ల మనిషి, అడిగింది: "ఒట్టేసుకున్నాం గదా అయ్యా. దేవుడికేం చెప్తాం?"

ఆకలేసిన రాజు గుడిలోని పవిత్రమైన రొట్టెలు తిన్న సంగతి నాలుక మీదికి వచ్చింది. నాకు కావలసిన వచనం నాకెప్పుడూ దొరుకుతుంది. ఉపవాసానికీ దొరికింది, దాన్ని చెడగొట్టడానికీ దొరుకుతుంది. ఆ క్షణంలో నా నోటి నుంచి వచనం రావడమే నాకు అసహ్యమేసింది. చెప్పలేదు.

"దేవుడికి నేను చెప్పుకుంటాను. ఒట్టు పెట్టించింది నేను. తప్పింది నేను. మీరు కాదు," అన్నాను.

నూకరత్నం చేతిలోంచి గరిటె తీసుకుని, అందరూ చూస్తుండగా, గిన్నెలో పోసుకుని తాగాను. ఉప్పు వెయ్యడం మరిచిపోయాం. నోరు కాలింది. గిన్నె ఖాళీ చేసి బోర్లించి చూపించాను, చిన్నపిల్లలకి చూపించినట్టు.

తీతు తాగాడు. తన తల్లికి తనే తాగించాడు. తర్వాత గిన్నెల చప్పుడు మొదలైంది. కొందరు ఏడుస్తూ తాగారు. ధనరాజుని నలుగురు కుర్చీలో మోసుకొచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒక్క గరిటె పోస్తే సగం కారిపోయింది. నళిని దగ్గరికి వెళ్లి, మింగాడా అని అడిగింది. ధనరాజే నోరు తెరిచి చూపించాడు.

ఆమె తలలు లెక్కపెట్టింది. నూట తొంభై నాలుగు. మూడుకి ఐదు నిమిషాలుండగా సంతకం పెట్టింది. పన్నెండింటి రాత కింద రెండింటి రాత. దాని కింద ఒక షరతు కూడా రాసి నాకు చదివి వినిపించింది. పొయ్యి చల్లారి ఉండడం ఒకసారి చూసినందున, ఈ లంగరులో ప్రతి ఒక్కరూ రోజుకి ఒక్క పూటైనా ఆ పొయ్యి మీద తినాలి. ఏ కారణానా మినహాయింపు లేదు. తప్పినట్టు తెలిస్తే చిరునామాలు రద్దు.

"ఇంతకంటే మెత్తగా రాయలేను," అంది. పడవ ఎక్కుతూ మళ్లీ కక్కుకుంది.

నాలుగూ ఇరవైకి యంత్రం ఆసుపత్రిని పిలిచింది. ఎత్తలేదు. మళ్లీ పిలిచింది. ఐదుకి పది నిమిషాలుండగా ఆడగొంతు ఒకటి, పేషెంటు పేరు చెప్పండి అంది. నూకరత్నం మొగుడి పేరు చెప్పలేకపోయింది. నేను చెప్పాను.

జూలై 19, శనివారం

గాలి పడమర, తగ్గుతోంది. తాళ్లు చూడలేదు, తీతు చూశాడు.

యంత్రం ఏడు గంటలు తిరిగింది. ధనరాజు పొద్దున వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. రెండు రోజుల తర్వాత వెల్లకిలా. ఆసుపత్రి గుండె సంగతి ఇప్పుడే చెప్పలేమంది. దెబ్బ తినే ఉంటుందంది.

మండలికి నూట తొంభై రెండు చిరునామాలు వెనక్కి రాసిచ్చాను. ఆరాధన చిరునామాని చివర రాశాను. రేపు ఆదివారం. రేపటి నుంచి నా మాట ఈ యాభై తెప్పలు దాటదు. సౌభాగ్యమ్మకి మాటపెట్టెలో చెప్పాను. మీ గొంతు లేకపోతే మాకు ఆదివారం బోసిగానే ఉంటుంది, కానీ ఓ నెల్లాళ్లు ఊరుకోండి, మీకే మంచిదంది.

నాకూ అదే మంచిదనిపించింది. దేవుడి పేరు పెట్టి ఒట్టు పెట్టించి, దేవుడి పేరు పెట్టి శపించి, ఆ రెండింటినీ ఒక గిన్నె జావతో మింగినవాణ్ణి. దీనికి చెయ్యాల్సింది నాకు తెలుసు. గోనెపట్ట కట్టుకుని, బూడిదలో కూర్చుని, మూడు రోజులు, ఏడు రోజులు, మనసు నలిగేదాకా పస్తుండాలి. మా పెద్దలు అలాగే చేశారు. నాకు తెలిసిన పశ్చాత్తాపం అదొక్కటే. పొద్దున నుంచి నా తెప్ప మీదే కూర్చున్నాను, బయటికి రాలేదు.

మధ్యాహ్నం నూకరత్నం గిన్నె పట్టుకుని వచ్చింది. అందరూ తినేశారట, నూట తొంభై మూడు అయ్యారట.

ఈరోజు వద్దమ్మా, నేను దేవుడి దగ్గర లెక్క చూసుకోవాలి అన్నాను.

ఆమె కోప్పడలేదు. గిన్నె నా ముందు పెట్టి, అక్కడే చెక్క మీద చతికిలబడింది. రాత్రంతా యంత్రం పక్కన కూర్చున్న కళ్లు. "మీరు తినకపోతే మావోడి మిషను ఆగిపోద్ది, అన్నయ్యా," అంది.

పస్తుండే దారి కూడా నాకు లేదు. ఈరోజే కాదు, ఈ లంగరు మీద ఉన్నన్నాళ్లూ లేదు.

ఆమె చూస్తుండగా తిన్నాను.